సీమ సైక్లిస్టులూ, కిలోమీటర్లు సరే.. దారి సంగతి రాయండి

ఆదివారం పొద్దున పదయ్యేసరికి అనంతపురంలోనైనా కర్నూలులోనైనా కడపలోనైనా సైకిల్ గ్రూపుల్లో రైడ్ కబుర్లు మొదలవుతాయి. 72 కిలోమీటర్లు, సగటు 23, యాప్ గీసిన ఎర్రగీత మ్యాపు, హెల్మెట్లతో నలుగురు నిలబడిన ఫొటో, ఒక ప్లేటు ఉగ్గాని బజ్జీ, కింద "సూపర్ అన్నా" అని పది మెసేజ్‌లు. అంతే, రైడ్ అయిపోయింది, దాని కథ కూడా అయిపోయింది. నాకు ఇది చాలా రోజుల నుంచి బాధగా ఉంది. ఎందుకంటే సీమ పల్లెరోడ్లని వారం వారం తెల్లవారుజామున గంటకి ఇరవై కిలోమీటర్ల వేగంతో చూసేవాళ్లు, ఆ ఊర్లలో ఉండే వాళ్లని పక్కనపెడితే, ఈ సైక్లిస్టులే. అధికారులు కారు అద్దాల్లోంచి చూస్తారు, మేం రాసేవాళ్లం ఏదైనా జరిగినప్పుడే పోతాం. వీళ్లు మాత్రం ఏ పని లేకుండా, ఇష్టంగా, అదే రోడ్డు మీద అన్ని కాలాల్లో తిరుగుతున్నారు, అలా తిరిగి చూసిందంతా వదిలేసి ఒక్క నంబర్ మాత్రం ఇంటికి తెస్తున్నారు.

సగటు వేగం సంగతే చూడండి, మన జిల్లాల్లో అది దాదాపు ఏమీ చెప్పదు. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి ఎట్లా కొడుతుందో అనంతపురం వాళ్లకి చెప్పక్కర్లేదు, ఆషాఢం గాలి అంటే ఇంటి తలుపులు కూడా నిలవవు, రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. పడమటి కనుమలు వానని ఆపేసుకుని మనకి గాలి మాత్రం పంపిస్తాయి. ఇప్పుడు కొత్తగా గేర్ సైకిల్ కొన్న కుర్రాడు ఒకడు జూలైలో అనంతపురం నుంచి తాడిపత్రి రోడ్డు పట్టుకున్నాడనుకోండి, పోయేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంటే తన కాళ్లలోనే బలం ఉందనుకుని ఇంకో పది, ఇంకో పది అని పోతాడు, తిరిగొచ్చేటప్పుడు అదే గాలి మొహానికి కొడుతుంది, అప్పటికి ఎండ ఎక్కి ఉంటుంది, బాటిల్లో నీళ్లు అయిపోయి ఉంటాయి. గంటకి 20తో తొక్కేవాడికి 15 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే గాలి పెట్టే అడ్డు సుమారు మూడింతలవుతుంది, ఎందుకంటే ఆ అడ్డు వేగానికి వర్గంలో పెరుగుతుంది. అదే కళ్యాణదుర్గం రోడ్డు పడితే కష్టం ముందు, సుఖం తర్వాత. పాతకాపులందరికీ ఇది తెలుసు, వానాకాలంలో ముందు గాలికి ఎదురుపోవాలి, వెనక్కి గాలితో రావాలి. కానీ గ్రూపులో పెట్టే రైడ్ రిపోర్టులో ఎవరైనా రాస్తున్నారా, "ఈరోజు గాలి ఇటునుంచి, ఎనిమిదిన్నర తర్వాత పెరిగింది" అని? ఒక్క లైను చాలు కదా. ఆ లైను లేని 18 సగటుని చూసి ఆ కుర్రాడు తనకి చేతకాదనుకుని సైకిల్ బాల్కనీలో పెట్టేస్తాడు.

మట్టి కూడా అంతే. ధర్మవరం వైపు ఎర్రనేలలో వాన పడిన మర్నాడే బండిదారుల్లో తొక్కొచ్చు, ఉరవకొండ వైపో, ఆదోని ఆలూరు వైపో నల్లరేగడిలో ఆ పని చేస్తే పది గజాలు పోయేలోపు మట్టి టైరుకి చుట్టుకుని బ్రేకుల మధ్య ఇరుక్కుని చక్రమే తిరగదు, సైకిల్ని భుజాన వేసుకుని రోడ్డుకి రావాలి. వానలు పోయాక పల్లేరుకాయలు. రోడ్డు పక్కన ఫొటో కోసం సైకిల్ దించారంటే రెండు టైర్లకీ పంక్చర్ ఖాయం. కంపచెట్లు కొట్టి లాక్కుపోయిన రోడ్డైతే ఇంకా ఘోరం, ఆ ముల్లు టైర్లోనే విరిగి ఉండిపోతుంది, లోపల చెయ్యి పెట్టి తడిమి తీయకుండా కొత్త ట్యూబ్ వేస్తే అది కూడా పోతుంది. తాడిపత్రి, బేతంచెర్ల చుట్టుపక్కల బండల లారీలు తిరిగే మలుపుల్లో రాతిపొడి, సన్న టైర్ల వాళ్లు జారేది అక్కడే. ఇవన్నీ అనుభవం మీద తెలిసిన విషయాలు, ఇవి మనుషుల తలల్లో ఉన్నాయి తప్ప ఎక్కడా రాసి లేవు.

ఇంకొకటి, రోడ్డు మీద పంట. కోతల కాలంలో కొర్రలు, ఉలవలు, కందికట్టె అన్నీ తారు మీదే ఆరబోస్తారు, పోయే బండ్ల చక్రాలకిందే నూర్పిడి. రైడ్ రిపోర్టుల్లో దీని గురించి ఎప్పుడన్నా ఉందంటే అది ఫిర్యాదే, "రోడ్డంతా ఆక్రమించేశారు, సెన్స్ లేదు" అని. సైక్లిస్టు కోపం నాకు అర్థమవుతుంది, ఉలవచెత్త గేర్ల చైన్‌లోకి పోయి చుట్టుకుందంటే అరగంట పని, చీకట్లో దాని మీద బ్రేక్ వేస్తే మనిషి కింద పడతాడు, బైకుల వాళ్లకి కూడా ప్రమాదమే. కానీ ఆ పక్కనే చాట పట్టుకుని నిలబడిన పెద్దాయన్ని ఒక్కమాట అడిగితే కథ మారిపోతుంది. ఊర్లో ఉమ్మడి కళ్లం ఉండేది, ఇప్పుడు లేదు, ఇంటిముందు జాగా లేదు, మిషన్ బాడుగ ఇచ్చుకునేంత పంట రాలేదు, అందుకే రోడ్డు. ఆయన కూడా మనల్ని అడుగుతాడు, "యాడికి పోతాండావప్పా ఇంత పొద్దున్నే?" అని. "ఊరికే పెద్దాయనా, తిరిగొస్తామని" అంటే ఆయన నవ్వుకుని పక్కకి జరిగి దారిస్తాడు, దాహమా అని చెంబు నీళ్లు తెప్పిస్తాడు. ఈ మాటలు ఎందుకు రాయరు మనోళ్లు? పల్లె మనుషులు రిపోర్టుల్లో వస్తే ఫొటోలోనే వస్తారు, తలపాగా, ముడతల మొహం, కింద "ఇన్నోసెంట్ స్మైల్" అని. ఆయన పేరు వేయమని అనట్లేదు, ఆయన చెప్పిన మాట వేయమంటున్నా. చెనిక్కాయ ఎన్ని బస్తాలు అయింది, హంద్రీనీవా కాలవ నీళ్లు చెరువుకి చేరాయా లేదా, చీనీ తోట ఉందా కొట్టేశారా, ఇదంతా ఆయన నోట్లోనే ఉంది, మనం ఆగితే చెప్తాడు.

అదే రోడ్డు మీద మనతోపాటు సైకిల్ తొక్కేవాళ్లు ఇంకా ఉన్నారు. క్యాన్లు కట్టుకున్న పాలాయన, సైకిల్ మీద హైస్కూల్‌కి పోయే ఆడపిల్ల. వాళ్లని సైక్లిస్టులు అని మనం అనుకోం, వాళ్లు కూడా అనుకోరు. కానీ ఆ రోడ్డు గురించి మనకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు, ఏ మలుపులో కుక్కలున్నాయి, ఏ కల్వర్టు దగ్గర అంచు కూలింది, ఏ లారీలు ఎన్నింటికి వస్తాయి అన్నది పాలాయన్ని అడిగితే ఒక్క నిమిషంలో చెప్తాడు.

ఇట్లా ఎందుకైందని ఆలోచిస్తే, సగం తప్పు మనుషులది కాదనే అనిపిస్తుంది. యాప్ ఏ గడులు ఇస్తే మనం అవే నింపుతాం. రైడ్లు లెక్కపెట్టే స్ట్రావా యాప్ 2009లో వచ్చింది, దూరం, టైము, ఎత్తు, ఎవరు ఫస్ట్ అన్నది తనే రాసిపెడుతుంది, మనం ఒక టైటిల్ పెడితే చాలు, ఇక మళ్లీ రాయాల్సిన అవసరం ఏముంది అనిపిస్తుంది. రెండోది బ్రెవేల ప్రభావం, అంటే గడువులోపు పూర్తిచేయాల్సిన దూరప్రయాణం రైడ్లు. 200 కిలోమీటర్లు 13న్నర గంటల్లో, 300 అయితే 20, 600 అయితే 40 గంటల్లో అని వాటిని నడిపే ఆడాక్స్ క్లబ్బుల వాళ్ల లెక్క, అది నిజంగా గొప్ప క్రమశిక్షణ, అక్కడ పోటీ కూడా లేదు, టైములోపు రావడమే. ఆ రైడ్‌లో టైమే కథ కాబట్టి రిపోర్ట్ కూడా టైము చుట్టూ తిరగడం సహజం. కానీ ఆదివారం పొద్దున ఒంటిమిట్ట దాకా పోయి గుడి పక్కన చెరువుగట్టు మీద కూర్చుని వచ్చే మనిషి కూడా అదే లెక్కలో రాయాల్సిన పని లేదు కదా, అతని మీద ఏ గడియారమూ లేదు.

పైగా మన భాషలో దారి రాయడం కొత్త కాదు, అది మన ప్రాంతం మీదుగానే నడిచింది. 1830 మే నెల ఎండల్లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య కడప మీదుగానే పోయాడు, పల్లకీలో, బోయీలతో, పెద్ద పరివారంతో. ఆయన కాశీయాత్ర చరిత్ర చదివితే మొదట కనబడేది భక్తి కూడా కాదు, దారి. ఏ ఊళ్లో అంగళ్లున్నాయి, ఎక్కడ నీళ్లు బాగుంటాయి, ఎక్కడ బస దొరుకుతుంది, రాళ్ల బాటా ఇసక బాటా అడవా, ఏ వాగు ఎట్లా దాటాలి, అన్నీ మజిలీ మజిలీకి రాసుకుంటూ పోయాడు. తన వెనక ఎవరో వస్తారు, వాళ్లకి పనికిరావాలి అన్న ధ్యాస ఆ రాతలో ఉంది. ఇంచుమించు రెండొందల ఏళ్ల తర్వాత కూడా దాన్ని చదివి ఆనాటి సీమ ఎట్లుండేదో తెలుసుకుంటున్నాం. మనకి కెమెరా ఉంది, మ్యాపు ఉంది, మన రైడ్ రిపోర్టు చదివి వచ్చే ఆదివారం ఎవరైనా నీళ్లు ఎక్కడ దొరుకుతాయో కనుక్కోగలరా?

ఆడవాళ్లకి ఈ లోటు ఇంకా ఎక్కువ తగులుతుంది. మగవాళ్లు రాసిన రిపోర్టుల్లో టాయిలెట్ అన్న మాటే రాదు. ఏ పెట్రోల్ బంకులో తాళం వెయ్యకుండా శుభ్రంగా ఉంచుతారు, ఏ రోడ్డులో ఐదున్నరకే బస్సులు, మనుషులు తిరుగుతుంటారు, ఎక్కడ కల్వర్టు మీద తాగేవాళ్లు కూర్చుంటారు, ఇది తెలిస్తే ఇద్దరమ్మాయిలు ధైర్యంగా బయల్దేరతారు, తెలియకపోతే ఇంట్లో వాళ్లు వద్దంటారు, అంతటితో అయిపోతుంది. అట్లాగే ఇంటి గేటు నుంచి మొదలయ్యే గీతని అందరికీ కనబడేట్టు పెట్టొద్దు, మొదలూ చివరా దాచే సెట్టింగ్ యాప్‌లోనే ఉంది, అది వాడుకోవాలి. ఇంకా ఒక మాట, ఇవన్నీ తెలుగులో రాయండి. మన రిపోర్టులు చాలావరకు బెంగళూరు ఫ్రెండ్స్ చదవాలన్నట్టు ఇంగ్లీషులో ఉంటాయి. గుంతకల్లులో పాత అట్లాస్ సైకిల్ ఉన్న ఇంటర్ పిల్లాడు చదవాలంటే?

అన్నీ రాయాలని కూడా కాదు, రాయకూడనివి ఉన్నాయి. కడప జిల్లా లంకమల చుట్టూ ఉండే చిట్టడవిలో కలివికోడి, 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిపోయిందనుకున్న పక్షి, 1986లో మళ్లీ ఇక్కడే బయటపడింది. దానికి కావాల్సింది ఆ పొదలు, ఆ నిశ్శబ్దం. అట్లాంటి చోట కొత్త బాట కనిపెట్టామని జీపీఎస్ గీత పెడితే రేపు పది సైకిళ్లు, ఎల్లుండి బైకులు వస్తాయి. రోళ్లపాడు గడ్డినేలలు కూడా అంతే, బట్టమేకపిట్ట కోసం 1988లో అభయారణ్యం చేసిన చోటు అది. ఇక్కడ దారి చెప్పకపోవడమే మంచి రిపోర్టు.

నిజంగా రాయాల్సిన చోట్లు బోలెడున్నాయి, వాటి మీద ఎవరి చూపూ పడట్లేదు. అందరూ గండికోట లోయ అంచున నిలబడి ఫొటో పెడతారు, మంచిదే, పెన్న అక్కడ చేసిన పని చూడాల్సిందే. కానీ గుత్తి నుంచి పత్తికొండ రోడ్డులో పోతే ఎర్రగుడి దగ్గర గుండ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి, అందులో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి చెక్కారు, రెండువేల ఏళ్లు దాటిన రాత, అక్కడికి సైకిల్ మీద ఎట్లా పోవాలో వివరంగా రాసిన తెలుగు రిపోర్ట్ ఒక్కటి నాకు దొరకలేదు. తొలకరి పడగానే అదే చుట్టుపక్కల తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం తల వంచుకుని వజ్రాలు వెతుకుతుంటారు, అది చూస్తూ పోయే రైడ్ ఎన్ని జిల్లాల్లో ఉంటుంది? కర్నూలు నుంచి సుంకేసులకి పోతే కేసీ (కర్నూలు-కడప) కాలవ మొదలు కనబడుతుంది, పంతొమ్మిదో శతాబ్దంలో ఒక కంపెనీ సాగుకీ, పడవలకీ రెండింటికీ అని తవ్వించిన కాలవ, పడవలు ఎప్పుడో పోయాయి, ఇప్పుడు గట్టు మీద ఎంతదూరం తొక్కొచ్చు, ఎక్కడ గండిపడి ఆగిపోతుంది అన్నది తొక్కినవాళ్లే చెప్పాలి.

చివరగా ప్రమాదాల సంగతి, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. మన రిపోర్టుల్లో పడిపోవడాలు, తప్పిపోయిన గండాలు ఉండవు, పరువు తక్కువ అనుకుంటారో, ఇంట్లో చూస్తే మానేయమంటారనో. కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ ఎక్కి, పైన పాలకోవా తిని దిగే రైడ్ అందరికీ ఇష్టం, ఆ దిగేటప్పుడు లోడు లారీలు ఎంత దగ్గరగా వస్తాయో, ఏ మలుపులో ఆపుకోవడానికి చోటు ఉందో మాత్రం ఎవరూ రాయరు. ఎర్రగుంట్ల వైపు సిమెంటు లారీలు, 44వ నంబరు హైవే మీద సర్వీస్ రోడ్డు ఉన్నట్టుండి ఆగిపోయే చోట్లు, రాంగ్ రూట్లో లైట్ లేకుండా వచ్చే ట్రాక్టర్లు, వీటిని తేదీ, టైము, కిలోమీటర్ రాయి నంబరుతో రాసిపెట్టుకుంటే మూడు జిల్లాల గ్రూపులవి కలిపి రోడ్లు భవనాల శాఖ వాళ్ల ముందు, హైవే వాళ్ల ముందు పెట్టడానికి ఒక కాగితం తయారవుతుంది. కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వాలన్నా "రోడ్డు బాగాలేదు సార్" అంటే చూస్తాం అంటారు, ఫలానా రాయి దగ్గర అంచు కూలి ఉంది, ఫలానా నెలలో ముగ్గురు పడ్డారు అని రాసిస్తే దానికి నంబరు వేసి, ఇంజినీర్‌కి పంపి, జవాబు చెప్పాల్సి ఉంటుంది. ఆ వివరాలు ఇప్పుడు మన ఫోన్లలోనే ఉన్నాయి, ఫొటోల వెనక.