కడగొట్టు పుస్తకానికి కాసిన్ని అక్షింతలు

మూడో భాగం గారికి,

నమస్కారం. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, మనిద్దరిలో ఎవరూ కుశలంగా లేరు. మూడు నవలల వరసలో ఆఖరివారైన మీరేమో 764 పేజీల దేహంతో నా మంచం పక్కన బోర్లా పడి ఉన్నారు. మిమ్మల్ని ముగించి పదకొండు రోజులైనా నేను ఇంకో పుస్తకం తెరవలేక, మీ మీద జనం వెలిబుచ్చిన అభిప్రాయాలన్నీ ఏరుకుని చదువుతూ కూర్చున్నాను. నాలాంటి బాధితులు ఇంకెంతమంది ఉన్నారో లెక్క తేల్చుకోవాలిగా.

మీ పుట్టుపూర్వోత్తరాలు మీరే మర్చిపోయినట్టున్నారు కాబట్టి ఒకసారి గుర్తుచేస్తాను. మీ పెద్దన్నయ్య 312 పేజీలవాడు. భూగర్భ రైలు స్టేషన్లో పోయిన వస్తువులు దాచే కౌంటరు, అక్కడ రాత్రి డ్యూటీ చేసే ఒక అమ్మాయి. మొదటి పేజీలోనే ఎవరో ఒక గొడుగు తెచ్చి ఇస్తారు. బయట వాన లేదు, గొడుగు మాత్రం తడిసి ఉంది. టోకెన్ నంబరు 214 అని రాసి ఆమె దాన్ని అరలో పెడుతుంది. తెల్లారినా ఆరదు. వారం గడిచినా ఆరదు. అంతే, నేను ఆ పుస్తకానికి దాసోహం అయిపోయాను. మూడో ప్లాట్‌ఫారం కింద అర్ధరాత్రి సాగే సంత, ఇంటద్దె బాకీపడి ఓనరుకు మొహం చాటేసే రక్తపిశాచి, సెలవు దొరక్క పౌర్ణమి రోజు కూడా ఆఫీసుకొచ్చే తోడేలు మనిషి... అర్బన్ ఫాంటసీలో, అంటే మామూలు నగరం నడుమ మాయలు జరిగే కథల్లో, నాకు నచ్చేది అదే. రాత్రి మంత్రాలుంటాయి, పొద్దున్నే డ్యూటీ కూడా ఉంటుంది.

మీ నడిపి అన్నయ్య 388 పేజీలు. ఆయన గురించి పెద్దగా చెప్పడానికి లేదు. నడిపివాళ్ళ బతుకెప్పుడూ అంతే, అటు పుట్టిన ముచ్చటా దక్కదు, ఇటు ముగింపు గౌరవమూ దక్కదు. ఆఖరి పేజీలో ఆ అమ్మాయిని స్టేషన్ గడియారం ముల్లుకు వేలాడదీసి వెళ్ళిపోయాడు. మీరొచ్చేదాకా మూడేళ్ళు ఆమె అలాగే వేలాడింది. కింద మేమంతా నిలబడి, ఆమెకు పెళ్ళి ఎవరితో జరగాలి, పుట్టే బిడ్డకు కోరలుంటాయా తోకుంటుందా అని జుట్లు పట్టుకున్నాం. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, ఆ సోమలింగానికి బారసాల దాకా వెళ్ళాం.

అప్పుడు మీరు దయచేశారు.

ముందు మీ అట్ట సంగతి. టోల్కీన్ మహాశయుడు ఒకే నవలగా తలచి రాసిన ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ను ప్రచురణకర్తలు 1954, 55లలో మూడు సంపుటాలుగా తెచ్చారు. మూడో సంపుటానికి ‘రాజు తిరిగిరావడం’ అనే అర్థం వచ్చే పేరు పెడితే కథ ముందే తెలిసిపోతుందని ఆయన గొణిగాడు. పేరులో ఒక్క ముక్క బయటపడితేనే ఆయనకంత బాధ. మరి మీరు? అట్ట మీద సింహాసనం, దాని మీద మా కౌంటరు అమ్మాయి, తలపై కిరీటం. ఇంక తెరిచి చూడటం దేనికి? నాకు రహస్యం తెలిసిపోయిందన్న కోపం కన్నా, రాజవంశం అంటగట్టారన్న కోపమే ఎక్కువ. రాత్రి డ్యూటీ చేసే గుమాస్తా గుమాస్తాగా ఉండే లోకాన్ని కాపాడకూడదా? ఎక్కడో తప్పిపోయిన యువరాణి అయితే తప్ప అర్హత రాదా? పోయిన వస్తువుల కౌంటరులో ఆఖరికి దొరికిన పోయిన వస్తువు ఆమే అని మీరు చమత్కరించారు. చమత్కారం బాగుంది. ఒప్పుకుంటున్నాను. అయినా క్షమించను.

ఇక మీ మంత్రాల లెక్క. ఒక్క మంత్రం వేస్తే మూడు రాత్రులు నిద్ర పట్టదని పెద్దన్నయ్య నియమం పెట్టాడు. అందుకే ఆమె ప్రతి మంత్రానికీ వెనకాముందూ ఆలోచించేది, మాకూ టెన్షన్ ఉండేది. మీ ఆఖరి యుద్ధంలో ఆమె 41 మంత్రాలు వేసింది. నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. అంటే 123 రాత్రుల నిద్ర ఎగిరిపోవాలి. మరుసటి అధ్యాయంలో ఆమె ‘హాయిగా నిద్ర లేచింది’ అని రాసుకున్నారు. ఆ వాక్యం చదివాక నాకు నిద్ర పట్టలేదు, బాకీ నా ఖాతాలో పడ్డట్టుంది.

చచ్చినవాళ్ళను లేపడం కొత్తేం కాదు. కానన్ డాయిల్ 1893లో షెర్లాక్ హోమ్స్‌ను జలపాతం దగ్గర వదిలించుకుంటే పాఠకులు పత్రిక చందాలు మానేసి మరీ పోరుపెట్టారు. చివరికి 1903లో హోమ్స్ తిరిగొచ్చి, నేనసలు పడనేలేదు అన్నాడు. పదేళ్ళు! ఆ పదేళ్ళూ జనం మనసారా ఏడ్చారు. మీరు మా అద్దె బాకీ రక్తపిశాచిని 411వ పేజీలో చంపి 436వ పేజీలో లేపారు. నేను రుమాలు వెతుక్కునేలోపే ఆయన వచ్చి జోకు వేశాడు. అసలే ఆయన ఒకసారి చచ్చినవాడు.

ఇక అభిప్రాయాలకొస్తాను. మీ సగటు రేటింగు మీ పెద్దన్నయ్య కన్నా ఎక్కువని మిడిసిపడుతున్నారని విన్నాను. ఆగండి. పెద్దన్నయ్యను ఊరంతా చదివింది. నచ్చనివాళ్ళు ఒక స్టారు విసిరి దారిన పోయారు. ఓపిక చాలనివాళ్ళు నడిపివాడి దగ్గర దిగిపోయారు. మీదాకా వచ్చినవాళ్ళమంతా అప్పటికే పీకల్లోతు మునిగినవాళ్ళం. మేం వేసే మార్కులు మార్కులేనా? చుట్టాలొచ్చి పిల్లాడి పాట బాగుందన్నట్టు లెక్క.

ఆ మునిగినవాళ్ళలోనూ రకాలున్నాయి. ఒకాయన మీ విడుదల నాటి పొద్దున్నే ఐదు స్టార్లు వేసి, ‘ఇంకా చదవలేదు, బాగుంటుందని తెలుసు’ అన్నాడు. తోడేలు మనిషి అభిమాన సంఘం వాళ్ళు పెళ్ళి రక్తపిశాచితో జరిగిందని మూకుమ్మడిగా ఒకటేసి స్టారు వేశారు. రక్తపిశాచి వర్గంవాళ్ళు పెళ్ళి జరిగినా ముద్దు అర పేజీయే ఉందని రెండిచ్చారు. ఒకావిడ రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినట్టు, ‘ఈ గడియారం ఎక్కడి నుంచి వచ్చింది?’ అని అడిగింది. ఇంకొకాయన కథ గురించి ఒక్క మాటా అనలేదు. మీరు అన్నయ్యల కన్నా అంగుళం పొడుగుండటంతో అరలో వరస చెడిందని మూడు స్టార్లిచ్చాడు. అన్నింటిలోకీ నాకు ఆయన మాటే సబబుగా తోచింది.

ఇన్ని అభిప్రాయాలు చదివానా, నేను వెతుకుతున్న మాట ఒక్కటే. ఊరు ఏమైందని అడిగినవాళ్ళెవరైనా ఉన్నారా?

19వ అధ్యాయంలో ఊరు కూలిపోయింది. ఒకే ఒక్క పేరాలో. ఆరు వాక్యాలు. స్టేషను, సంత, గడియారం, కౌంటరు, అన్నీ ఆ ఆరింటిలోనే. ఆ తర్వాత ఆకాశంలో ఒక ద్వారం తెరుచుకుంది, అందరూ అందులోంచి ఒక ఖాళీ మైదానంలోకి దూకారు, అక్కడ 400 పేజీలు కొట్టుకున్నారు. ఆ మైదానానికి వీధి పేరు లేదు. బస్సు లేదు. వాన లేదు, తడవడానికి గొడుగూ లేదు. కత్తులున్నాయి, గుర్రాలున్నాయి, ‘విశ్వం’ అన్న మాట పేజీకోసారి ఉంది. మీ పేరులో అర్బన్ అట్ట మీద మిగిలింది, లోపల ఫాంటసీ ఒక్కటే.

పెద్దదాన్ని రాయాలంటే ఊరు వదలాలని మీకెవరు చెప్పారు? 1987లోనే ఎమా బుల్ అనే ఆవిడ ‘వార్ ఫర్ ద ఓక్స్’లో మాయలోకపు సేనల యుద్ధాన్ని మినియాపొలిస్ నగరంలోనే పెట్టింది. ఒక రాక్ సంగీతకారిణిని అందులోకి లాగింది. యుద్ధం ఎంత పెద్దదైనా ఊరు ఊరుగానే ఉంది. మీకు ఆ కౌంటరు చిన్నదైపోయింది. అక్కడ గొడవలన్నీ అద్దె, డ్యూటీ, టోకెన్ల స్థాయివి కదా, మూడో భాగపు హోదాకు తగవనుకున్నారు. మాకు కావలసింది ఆ స్థాయే. విశ్వం ఏమైపోతుందోనని నేను ఒక్క పేజీలోనూ కంగారుపడలేదు, అది నేను పుట్టకముందు నుంచీ ఎవరో ఒకరు కాపాడుతూనే ఉన్నారు. ఆ తోడేలు మనిషికి సెలవు దొరుకుతుందా అని మాత్రం రెండు పుస్తకాలు కంగారుపడ్డాను.

చిన్నప్పుడు కథ అయిపోగానే ఏమనేవాళ్ళు? కథ కంచికి, మనం ఇంటికి. కథను కంచికి పంపారు, సంతోషం. ఇల్లున్న వీధిని తీసేశాక మేం ఎక్కడికి పోవాలండీ?

మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్, మరికొందరు 1993లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. జనం చేతిని 14 డిగ్రీల చన్నీళ్ళలో ఒక నిమిషం ఉంచారు. ఇంకోసారి అదే ఒక నిమిషం, పైన మరో 30 సెకన్లు, ఆ 30 సెకన్లలో నీళ్ళను మెల్లగా 15 డిగ్రీలకు తెచ్చారు. మళ్ళీ చేయాల్సివస్తే ఏది కావాలంటే ఎక్కువమంది రెండోదే అన్నారు. బాధ ఎక్కువసేపైనా సరే, ఆఖర్న కాస్త తగ్గితే చాలట. మేం అంత చవగ్గా దొరికే మనుషులం. ఆఖర్న ఒక్క డిగ్రీ, ఒక్కటంటే ఒక్కటి, వెచ్చబెడితే 41 మంత్రాలనూ మర్చిపోయేవాళ్ళం. మీరేమో పదేళ్ళ తర్వాత అంటూ ఒక ఎపిలోగ్ పెట్టి, రాజభవనంలో పిల్లలకు చనిపోయినవాళ్ళ పేర్లన్నీ పెట్టి, హాజరు వేసినట్టు పిలిపించారు.

ఇంత తిట్టి మీకు నేను ఎన్ని స్టార్లు వేశానో తెలుసా? నాలుగు. తెలిసినవాళ్ళెవరూ చూడకుండా వేశాను.

ఎందుకంటే 602వ పేజీ. ఆ దిక్కుమాలిన మైదానంలో యుద్ధం కాసేపు ఆగుతుంది. ఆమె కిరీటం తీసి పక్కన పెడుతుంది. జేబులోంచి పాత రిజిస్టరు తీస్తుంది. పడి ఉన్నవాళ్ళ దగ్గర దొరికిన వస్తువులు ఒక్కొక్కటీ రాసుకుంటూ పోతుంది: ఒక తాళంచెవి, ఒక కళ్ళజోడు, సగం తిన్న బిస్కెట్ల పొట్లం. ప్రతిదానికీ టోకెన్ నంబరు వేస్తుంది. పక్కన సేనాపతి, ‘మహారాణీ, ఇవి తీసుకెళ్ళడానికి ఎవరొస్తారు?’ అని అడుగుతాడు. ‘రాత్రి డ్యూటీలో ఆ ప్రశ్న అడగం’ అంటుంది. రెండు పేజీలే ఆ సీను. దాన్ని ఐదుసార్లు చదివాను. అభిప్రాయాల్లో ఒకాయన ఆ రెండు పేజీలూ సాగదీత అన్నాడు. ఆయనతో ఒక పూటంతా వాదించి ఓడిపోయాను.

ప్రస్తుతానికి మిమ్మల్ని అరలో అడ్డంగా పడుకోబెడుతున్నాను. మీ పొడుగుకు నిలువుగా పట్టరు.

ఇట్లు,
మీ అన్నయ్యల వైపు మనిషి

తా.క.: టోకెన్ 214 గొడుగు. మూడు పుస్తకాలు, 1464 పేజీలు అయ్యాయి, దాన్ని తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. ఎవరిదని అడగను. కౌంటరు కూలేనాటికి అది ఆరిందా లేదా, అది ఒక్కటి ఎవరిచేతైనా కబురు చేయండి.