తిరిగొస్తాడని తెలిశాక ఏం చేస్తారు?

ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లిన రోగి నెల తిరక్కుండా మళ్లీ వచ్చి చేరతాడా లేదా అన్నది ముందే లెక్కగట్టడం కొత్త విద్యేమీ కాదు. కెనడాలో 2010లో తయారైన ‘లేస్’ స్కోరు నాలుగే ప్రశ్నలు అడుగుతుంది. ఎన్ని రోజులు వార్డులో ఉన్నాడు, ఎమర్జెన్సీగా చేరాడా, ఇతర జబ్బులేమున్నాయి, గడిచిన ఆరు నెలల్లో ఎన్నిసార్లు క్యాజువాలిటీకి పరుగెత్తుకొచ్చాడు. మొత్తం 19లో 10, ఆపైన వస్తే ప్రమాదం ఎక్కువన్నమాట. దానికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. ఇప్పుడు ఇదే పని కృత్రిమ మేధ పేరుతో, ఖరీదైన సాఫ్ట్‌వేర్‌గా ముస్తాబై వస్తోంది.

ముందే పసిగట్టి ఇంటికి నర్సును పంపితే ప్రాణం నిలుస్తుంది, ఖర్చూ కలిసొస్తుంది అంటున్నారు. నిజమే, కాదనం. కానీ తిరిగొస్తాడని తెలిశాక రోగిని కాపాడుకుంటారా, వదిలించుకుంటారా? మా భయమంతా అక్కడే.

ఈ భయం ఊరికే పుట్టలేదు. గుండెపోటు, గుండె వైఫల్యం, న్యుమోనియా రోగులు 30 రోజుల్లో మళ్లీ చేరడం ఎక్కువగా ఉన్న ఆసుపత్రులకు అమెరికాలో ప్రధానంగా వృద్ధులకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ 2012 అక్టోబరు నుంచి చెల్లింపుల్లో కోత పెట్టడం మొదలుపెట్టింది. ఒక శాతంతో మొదలైన గరిష్ఠ కోత తర్వాత మూడు శాతానికి చేరింది. తిరిగి చేరేవారి సంఖ్య తగ్గిందని సంబరపడ్డారు. కానీ తిరిగొచ్చిన వారిని వార్డులో చేర్చుకోకుండా ‘అబ్జర్వేషన్’ అని రాసుకోవడమూ పెరిగింది. అలా రాస్తే లెక్కలోకి రాదు మరి! గుండె వైఫల్యం, న్యుమోనియా రోగుల్లో డిశ్చార్జి తర్వాతి మరణాలు పెరిగాయని 2018లో ఒక అధ్యయనం వెలువడింది. దానిపై వాదోపవాదాలు నడిచాయి. వాదన లేనిది ఒక్కటే: పేదలు ఎక్కువగా వచ్చే ఆసుపత్రుల మీదే దెబ్బ గట్టిగా పడింది. అది సరిదిద్దడానికి 2016లో చట్టం మార్చాల్సి వచ్చింది.

అక్కడే మరో సాఫ్ట్‌వేర్ బండారం 2019లో బయటపడింది. ఎవరికి అదనపు సంరక్షణ కావాలో తేల్చమంటే, అది గతంలో ఎవరి వైద్యానికి ఎంత ఖర్చయిందో చూసింది. ఒకే స్కోరు వచ్చిన తెల్లవారికన్నా నల్లజాతీయుల జబ్బు ముదిరి ఉంది. వైద్యానికి ఖర్చు పెట్టలేదంటే జబ్బు లేదని కాదు, డబ్బు లేదని. ఈ మాత్రం మన పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు.

ఇక మన సంగతి. ఎన్టీఆర్ వైద్యసేవలో రెండున్నర లక్షల రూపాయల వరకు వైద్య ఖర్చును బీమా కంపెనీలకు అప్పగించే విధానాన్ని ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 సెప్టెంబరులో ఆమోదించింది. తిరిగొచ్చే రోగి ఎవరో ముందే తెలిస్తే అందరికన్నా ఎక్కువ లాభపడేది బీమా కంపెనీయే. ప్రీ-ఆథ్, అంటే చికిత్సకు ముందస్తు అనుమతి, అడిగినప్పుడు ఆ స్కోరు పక్కన పెట్టుకుని కొర్రీలు వేయదని హామీ ఎవరిస్తారు? ప్యాకేజీ సొమ్ముకు గిట్టుబాటు కాడని ఆసుపత్రి ‘బెడ్లు ఖాళీ లేవు’ అంటే అడిగేదెవరు? ఒక్కసారి అలవాటైతే ఇక అదే రూలవుతుంది.

రోగి ఎందుకు తిరిగొస్తాడో తెలుసుకోవడానికి డిశ్చార్జి కౌంటర్ దగ్గర కాసేపు నిలబడితే చాలు. గుండె బలహీనపడ్డ ముసలాయన చేతిలో ఇంగ్లిష్ కాగితం పెడతారు. అందులో ‘1-0-1’ (పొద్దున ఒకటి, రాత్రి ఒకటి), ‘ఎస్ఓఎస్’ (అవసరమైతేనే), వారం తర్వాత రివ్యూ. ఒంట్లో నీరు చేరితే బరువు పెరుగుతుందని, రోజూ తూకం చూసుకోవాలని, రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే వెంటనే రావాలని ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. ఆవకాయ మానమని చెప్పేవారుండరు. ఒంట్లో నీరు తీసే లాసిక్స్ మాత్ర అయిపోతే ఊళ్లో దొరుకుతుందో లేదో పట్టదు. పదిహేను రోజులకు ఆయాసంతో, కాళ్ల వాపుతో ఆటోలో తిరిగొస్తాడు. దీనికి జోస్యం కావాలా?

నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్రలున్నారు, ఊళ్లలో ఆశాలు, ఏఎన్‌ఎంలు ఉన్నారు. డిశ్చార్జి అయిన మూడో రోజున ఒక ఫోన్ చేయించడానికి ఏ టెండరూ అక్కర్లేదు. స్కోర్లు వాడాలనుకుంటే, చికిత్సకు అనుమతి, చేర్పు, ప్రీమియం ఈ మూడింటి జోలికి వాటిని రానివ్వబోమని బీమా ఒప్పందంలోనే రాయాలి. స్కోరు ఎక్కువ వచ్చిన రోగికి ఏం చేశారో ఆసుపత్రులు ఏటా బయటపెట్టాలి. ఇవేవీ పట్టని అధికారులు కృత్రిమ మేధ గురించి సదస్సుల్లో ఉపన్యాసాలు దంచుతున్నారు. ముందు ఆ డిశ్చార్జి కాగితాన్ని తెలుగులో ఇప్పించండి చూద్దాం!