పెరటి చెట్టుకు పుస్తకంలో విలువ సున్నా

2025 మే 21. మన గడియారంలో అర్ధరాత్రి దాటి అరగంటయ్యాక స్పెయిన్‌లోని బిల్బావోలో యూరోపా లీగ్ ఫుట్‌బాల్ ఫైనల్ మొదలైంది. టాటెన్‌హామ్ బ్రెన్నన్ జాన్సన్ పేరిట రాసుకున్న ఒకే ఒక్క గోల్, అదీ ల్యూక్ షా ఒంటికి తగిలి దారి తప్పి లోపలికి పోయిన గోల్, మాంచెస్టర్ యునైటెడ్ కొంప ముంచింది. ఆ సీజన్ ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌ను 42 పాయింట్లతో 15వ స్థానంలో ముగించిన జట్టుకు ఆ కప్పొక్కటే దిక్కు. అదీ పోయింది. తెల్లవారుజామున మా వాట్సాప్ గ్రూపు యునైటెడ్ మేనేజర్, అంటే జట్టును నడిపే కోచ్, అమోరిమ్ మీద రెండుగా చీలిపోయింది. 'అమోరిమ్‌ను ఇవాళే పీకేయాలి మావా' అని సగం మంది. 'ఇంకొక్క సీజన్ ఆగరా బాబూ' అని మిగతా సగం.

సరిగ్గా రెండు రాత్రుల తర్వాత అదే ఫోన్‌లో ఇంకో మ్యాచ్ చూశాను. నేపుల్స్. నాపోలీ గెలిస్తే ఇటలీ ఛాంపియన్. మొదటి సగం అయిపోవస్తోంది. కుడివైపు నుంచి బంతి లోపలికి వచ్చింది. పొడుగాటి స్కాట్లాండ్ కుర్రాడొకడు గాల్లో అడ్డంగా తేలి, నేల మీద కాలు లేకుండానే కొట్టాడు. స్కాట్ మెక్‌టామినే. ఐదేళ్ల వయసులో మాంచెస్టర్ యునైటెడ్‌లో చేరి 22 ఏళ్లు అక్కడే పెరిగినవాడు. రెండో గోల్ కొట్టిన లుకాకును 2017లో తెచ్చుకుని రెండేళ్లకు వదిలించుకున్నదీ యునైటెడే. ఆ సీజన్ ఇటలీ లీగ్ ఉత్తమ ఆటగాడి బహుమతి కూడా మెక్‌టామినేకే వచ్చింది. అతన్ని యునైటెడ్ అమ్మింది సుమారు 2.5 కోట్ల పౌండ్లకు.

'పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు' అని మనవాళ్లు ఊరికే అనలేదు. కాకపోతే సామెతలో చెట్టును పట్టించుకోకపోవడమే ఉంది. ఇక్కడ ఆ చెట్టును కొట్టి కలప అమ్మారు, ఆ డబ్బుతో పొరుగూరి సంతలో మొక్కలు కొన్నారు.

మేనేజర్‌ను మార్చాలా వద్దా అన్న గొడవలో నాకిప్పుడు ఆసక్తి లేదు. పాత మేనేజర్ ఫెర్గూసన్ 2013లో దిగిపోయాక మోయెస్, వాన్ గాల్, మౌరిన్యో, సోల్షేర్, టెన్ హాగ్, అమోరిమ్ వచ్చారు, పోయారు. మధ్యలో తాత్కాలికంగా వచ్చినవాళ్ల లెక్క వేరే. వచ్చిన ప్రతివాడికీ తనకు నచ్చిన ఆటగాళ్లు కావాలి, వాడు పోగానే ఆ ఆటగాళ్లు తర్వాతివాడికి బరువు. టెన్ హాగ్ కోసం డచ్ క్లబ్ అజాక్స్ నుంచి 8 కోట్ల పౌండ్లకు పైగా పోసి ఆంటొనీని తెచ్చారు. అమోరిమ్‌కు ఆ కుర్రాడితో పనిలేదు, కాబట్టి స్పెయిన్ క్లబ్ బెటిస్‌కు పంపేశారు. 2024 వేసవిలో టెన్ హాగ్ ఒప్పందం పొడిగించారు, దాదాపు 20 కోట్ల పౌండ్ల సరుకు తెచ్చిపెట్టారు, తొమ్మిది లీగ్ మ్యాచ్‌లు కాగానే గెంటేశారు. ఆటగాళ్ల కొనుగోళ్లు చూసే కొత్త స్పోర్టింగ్ డైరెక్టర్ ఆష్‌వర్త్‌నైతే కుర్చీ వేడెక్కకముందే, ఐదు నెలల్లో సాగనంపారు. మరి ఈ కొనుగోళ్ల మీద సంతకం పెట్టినవాళ్లు, అమ్మకాలకు తలూపినవాళ్లు ఎక్కడున్నారు? వాళ్ల పేర్లు మా గ్రూపులో ఒక్కరోజూ రాలేదు. తిట్లన్నీ బెంచీ పక్కన కోటు వేసుకుని నిలబడ్డ ఒక్క మనిషికే. యజమానికి ఇంతకంటే హాయి ఇంకేం కావాలి?

అసలు సంగతి జమాఖర్చుల పుస్తకంలో ఉంది. ఇది కాస్త ఓపిగ్గా వినండి, ఎందుకంటే మన కళ్లముందే కుర్రాళ్లు మాయమైపోయేది ఇక్కడే.

ఒక క్లబ్ 8 కోట్లు పెట్టి ఆటగాణ్ని కొని ఐదేళ్ల ఒప్పందం రాసుకుందనుకోండి. ఆ 8 కోట్లూ ఒకేసారి ఖర్చుగా పడవు. ఏడాదికి 1.6 కోట్ల చొప్పున ఐదేళ్ల మీద పరుస్తారు. కొన్న ఏడాది పుస్తకంలో కనిపించే నొప్పి ఆ 1.6 కోట్లే. అదే క్లబ్ సొంత శిక్షణ బడిలో, అంటే అకాడమీలో పెరిగిన కుర్రాడైతే? వాణ్ని కొనలేదు, కాబట్టి పుస్తకంలో వాడి విలువ సున్నా. పదిహేనేళ్ల పాటు పెట్టిన కోచ్‌లు, మైదానాలు, భోజనాల ఖర్చు ఏ ఏడాదికా ఏడాది రాసేశారు. వాణ్ని 2.5 కోట్లకు అమ్మిన రోజు ఆ 2.5 కోట్లూ నికర లాభం, మొత్తం ఆ ఏడాదికే. పైగా ప్రీమియర్ లీగ్ మూడేళ్లకు కలిపి 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టం చూపకూడదని నిబంధన పెట్టింది. దాటితే పాయింట్లు కోస్తారు. 2023-24లో ఎవర్టన్‌కు, నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు కోసి చూపించారు కూడా. లెక్క ముడిచే గడువు జూన్ 30. ఆ తేదీ దగ్గరపడుతుంటే కంగారు పడే డైరెక్టర్‌కు మొదట ఎవరు గుర్తొస్తారు? ఆంటొనీ గుర్తురాడు. వాణ్ని మూడేళ్లకు అమ్మినా పుస్తకంలో ఇంకా 3 కోట్లకు పైగా మిగిలే ఉంటుంది, బెటిస్ ఇచ్చిన 2.2 కోట్లతో తిరిగి నష్టమే. గుర్తొచ్చేది ఇంట్లో పుట్టిన కుర్రాడు. ఆటలో వాడి బలమేమిటో అప్పుడెవరూ అడగరు. వాడు బీరువాలో బంగారం, అంతే.

యునైటెడ్‌నే అనడం అన్యాయం. చెల్సీ తన గూటి పిల్ల మేసన్ మౌంట్‌ను 2023లో అమ్మింది. కొన్నది ఎవరో తెలుసుగా? యునైటెడే, 5.5 కోట్ల పౌండ్లకు. సొంత కుర్రాళ్లను చవగ్గా వదిలేసి, పక్కవాడి అకాడమీ కుర్రాణ్ని అంత రేటు పెట్టి తెచ్చుకోవడం! మరుసటి ఏడాది గాలగర్ అట్లెటికో మాడ్రిడ్‌కు పోయాడు. 2024 జూన్ ఆఖరి రోజుల్లోనైతే ఇంకా విచిత్రం. చెల్సీ నుంచి మాట్సెన్ ఆస్టన్ విల్లాకు, విల్లా నుంచి కెలీమన్ చెల్సీకి. ఎవర్టన్ నుంచి డాబిన్ విల్లాకు, విల్లా నుంచి ఇరోగ్‌బునామ్ ఎవర్టన్‌కు. మీ పెరటి చెట్టు మాకు, మా పెరటి చెట్టు మీకు. గడువు లోపల అందరి పుస్తకాల్లోనూ లాభమే. నిబంధన ఒక్కటీ తప్పలేదు. వస్తుమార్పిడి చదువుకున్నాం గానీ, ఇరవై ఏళ్ల కుర్రాళ్లతో జరుగుతుందని ఆ పాఠంలో లేదు.

2026-27 నుంచి ఈ నిబంధన స్థానంలో ఇంకోటి, జట్టు మీద పెట్టే ఖర్చు ఆదాయంలో 85 శాతం దాటకూడదట. సంతోషం. కానీ అందులోనూ ఆటగాళ్ల అమ్మకాల లాభం ఆదాయం వైపే కూడుతుంది. అంటే సున్నా విలువ కుర్రాడి మీద గొడ్డలి అలాగే వేలాడుతుంది.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, అది తేలిగ్గా తీసిపారేసేది కాదు. మెక్‌టామినే యునైటెడ్‌లో ఉన్నప్పుడు ఇంత ఆడాడా, నాపోలీ కోచ్ కాంటే చేతిలో పడ్డాకే కదా మెరిశాడు అంటారు. అకాడమీ కుర్రాడని ప్రేమతో పెట్టుకుంటే కప్పులు రావంటారు. మేనేజరే ముఖ్యం అనడానికి ఈమధ్య యునైటెడ్ అకాడమీ కుర్రాడు మైనూ సంగతి చూపిస్తున్నారు: అమోరిమ్ తన 3-4-2-1 అమరికను పోప్ వచ్చి చెప్పినా మార్చనన్నాడు, మైనూను బెంచీకి అతికించాడు; 2026 జనవరిలో అమోరిమ్ పోయి కొత్త కోచ్‌గా కారిక్ రాగానే పొరుగు జట్టు మాంచెస్టర్ సిటీ మీద మొదటి మ్యాచ్‌లోనే మైనూ దిగాడు, 2-0తో గెలిచారు. నిజమే. కానీ 2024 ఎఫ్ఏ కప్ ఫైనల్లో అదే సిటీ మీద గోల్ కొట్టిన కుర్రాడి బతుకు, ఎవరి ఇష్టాయిష్టాలను బట్టి వాళ్లు ఆడించేలా ఎందుకుంది? ఆ మ్యాచ్‌లో యునైటెడ్ గోల్స్ రెండూ కొట్టింది టీనేజ్ కుర్రాళ్లే. ఇంకొకడు గర్నాచో. పదిహేను నెలలకే అతన్ని చెల్సీకి 4 కోట్లకు అమ్మేశారు. మైనూ మీదా అదే వేసవిలో మాటలు నడిచాయి. ఇది ఏ మేనేజర్ కాలంలోనూ ఆగని జబ్బు.

'అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి' అన్న సామెతను యునైటెడ్ గుమ్మానికి తోరణంలా కట్టొచ్చు. ఎలాంగాను 2023లో ఫారెస్ట్‌కు ఇచ్చింది 1.5 కోట్లకు. రెండేళ్లకు న్యూకాజిల్ అతన్ని అంతకు మూడు రెట్లకు పైగా పెట్టి కొంది. పోగ్బాదైతే కథల్లో చెప్పుకోవాల్సిన బేరం. 2012లో అకాడమీ నుంచి చేతులారా జారవిడిచారు, 2016లో 8.9 కోట్లు పెట్టి అప్పటి ప్రపంచ రికార్డు ధరకు తిరిగి కొన్నారు, 2022లో మళ్లీ పైసా రాకుండా వదిలేశారు. రెండుసార్లూ అతను వెళ్లింది యువెంటస్‌కే. వాళ్లు యునైటెడ్ పేరిట ఏటా ఒక దీపం పెట్టుకోవాలి.

ఇదంతా చేస్తున్నది ఏ క్లబ్? 1937 అక్టోబర్ నుంచి నేటిదాకా ప్రతి మ్యాచ్ జట్టులోనూ కనీసం ఒక్క అకాడమీ కుర్రాడైనా ఉన్న క్లబ్. 2019 డిసెంబర్‌లో ఆ లెక్క 4,000 మ్యాచ్‌లకు చేరింది. మధ్యలో ప్రపంచయుద్ధం వచ్చింది, 1958లో మ్యూనిక్ విమాన ప్రమాదం 8 మంది ఆటగాళ్లను మింగేసింది. ఆ తెగని దారం మీదే ఆ క్లబ్ పేరు నిలబడింది. 1995 ఆగస్టులో విల్లా చేతిలో 3-1తో ఓడినప్పుడు మాజీ ఆటగాడు అలన్ హాన్సెన్ 'పిల్లలతో ఏమీ గెలవలేరు' అని టీవీలో తేల్చేశాడు. ఆ వేసవిలో ఫెర్గూసన్ ఇన్స్, హ్యూస్, కాన్షెల్‌స్కిస్ ముగ్గురినీ పంపేసి ఆ పిల్లల్ని నమ్ముకున్నాడు. సీజన్ అయ్యేసరికి లీగ్, ఎఫ్ఏ కప్ రెండూ వాళ్ల దగ్గరే ఉన్నాయి. పెద్దవాళ్లను అమ్మి పిల్లలకు చోటిచ్చిన క్లబ్ ఇప్పుడు పిల్లల్ని అమ్మి పెద్దవాళ్లను తెస్తోంది. 2005లో క్లబ్‌ను కొన్న అమెరికా కుటుంబం గ్లేజర్లు ఆ కొనుగోలుకు తెచ్చిన అప్పును క్లబ్ నెత్తినే పెట్టారు. ఆ అప్పు ఇరవై ఏళ్లయినా తీరలేదు. 2024లో వాటా కొన్న రాట్‌క్లిఫ్ పొదుపు మొదలెట్టి ఉద్యోగాలు కోశాడు, సిబ్బందికి ఉచిత భోజనం తీసేశాడు. అదే యాజమాన్యం 2025 వేసవిలో కూన్యా, ఎంబ్యూమో, షెష్కో ముగ్గురికే దాదాపు 20 కోట్లు పోసింది. పప్పు దగ్గర పొదుపు, పందిరి దగ్గర దుబారా.

మాంచెస్టర్ గోల మనకెందుకు అనేవాళ్లకు ఒక మాట. ఈ జబ్బు ఇంకా ముదిరిన రూపం నేను హైదరాబాద్‌లోనే చూశాను.

2019లో ఇండియన్ సూపర్ లీగ్‌లో పుణె జట్టు మూతబడితే ఆ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. మొదటి సీజన్ అట్టడుగు. తర్వాత మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చి, పేరున్న భారత ఆటగాళ్ల వెంటపడకుండా ఆకాశ్ మిశ్రా, ఆశీష్ రాయ్ లాంటి ఊరూపేరూ తెలియని కుర్రాళ్లను నమ్ముకున్నాడు. 2022 మార్చి 20న గోవా ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపితే మనకు కప్పొచ్చింది. ఆ కుర్రాళ్లిద్దరూ భారత జట్టుకు ఆడారు, తర్వాత ఒకడు మోహన్ బగాన్‌కు, ఇంకొకడు ముంబైకి పోయాడు. 2023లో కోచ్ పోయాడు. ఆ వెనకే జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం, మళ్లీ అట్టడుగు. 2025లో జట్టే ఢిల్లీకి పోయింది, పేరూ మారిపోయింది. పుణె నుంచి వచ్చింది, ఢిల్లీకి వెళ్లింది. మధ్యలో మనం బస్టాండు.

ఇది ఏ ఊరు? ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ ఊరు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు దేశంలో పేరున్న రోవర్స్ కప్ గెలిచింది. ఆయన నడిపిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో కొట్టి ఆసియా స్వర్ణం తెచ్చింది. ఆ జట్లలోని మన ఊరి ఆటగాళ్లను ఆయన ఏ సంతలోనూ కొనలేదు. సికింద్రాబాద్, హైదరాబాద్ మైదానాల్లో ఉత్త కాళ్లతో ఆడే పిల్లల నుంచి ఏరుకున్నాడు. ఆ స్వర్ణం తెచ్చిన జట్టులోని తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. మరి ఫతోర్దాలో కప్పెత్తిన మన జట్టు మొదటి పదకొండు మందిలో తెలుగు నేల కుర్రాడు ఒక్కడూ లేడు. నిజామాబాద్ నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడుతోంటే, ఆమె ఆట చూడ్డానికి ఎంతమందిమి కూర్చున్నాం? నేనూ కూర్చోలేదు. ప్రీమియర్ లీగ్‌కైతే రాత్రి ఒంటిగంటన్నరకు అలారం పెట్టుకుంటాను.

జట్టు ఢిల్లీకి పోయిందన్న వార్త వచ్చిన రోజు మా గ్రూపులో ఎవరో ఆ లింకు పెట్టారు. కింద ఒకడు 'అయ్యో' అన్నాడు. ఆ తర్వాతి మెసేజ్ నాదే: 'శనివారం మైనూను మొదటినుంచి దించుతాడంటారా?' అర్ధరాత్రి దాకా దాని మీదే కొట్టుకున్నాం.