మూలాల సదస్సులో భూమి గోల

తీవ్రవాదానికి మూలాలేమిటో తేలిపోయింది. మొన్న ఆదివారం హన్మకొండలో ఒక ఏసీ ఫంక్షన్ హాల్లో, భోజనాల వేళకు ముందే తేల్చేశారు. ఆహ్వానపత్రం ప్రకారం మూలాలు పదిన్నరకు, పరిష్కారాలు పన్నెండుకు. మధ్యలో టీ.

ఓరుగల్లుకు ఈ సంగతి చెప్పడానికి హైదరాబాద్ నుంచి నిపుణులను రప్పించడం సబబే. ఇక్కడి వాళ్లకు బొత్తిగా తెలియదు కదా! పీపుల్స్‌వార్ స్థాపించిన కొండపల్లి సీతారామయ్య ఈ ఊళ్లోనే బడిపంతులు. 2025 మేలో ఛత్తీస్‌గఢ్‌లో కాల్పుల్లో చనిపోయిన మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు ఇంజినీరింగ్ చదివింది ఇక్కడి ప్రాంతీయ ఇంజినీరింగ్ కాలేజీ (ఆర్‌ఈసీ)లో. ఇంత అమాయకపు ఊరు మరొకటి ఉండదు.

ముఖ్య వక్త తెర మీద చెట్టు బొమ్మ వేశారు. దానికి నాలుగు వేళ్లు: నిరక్షరాస్యత, నిరుద్యోగం, విదేశీ కుట్ర, యువత ఆవేశం. ఆర్‌ఈసీ విద్యార్థి మీద నిరక్షరాస్యత ఎలా పనిచేసిందో ఆయన వివరించలేదు. టీ వేళ అయింది.

అప్పుడు లేచాడు ములుగు వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడతలు చిరిగిన కాగితాలు. ఫ్లెక్సీ మీద ‘పరిష్కారాలు’ అని రాసి ఉంటే అడవి నేలలో సాగు చేసుకునే తన పోడుకు పట్టా కోసమేననుకుని లోపలికి వచ్చాడట. ఆయన నోరు తెరిచేలోపే నిర్వాహకులు లొంగిపోయిన నాయకుడేమోనని పొరబడ్డారు. శాలువా కప్పారు. జ్ఞాపిక చేతిలో పెట్టారు. ఫొటోగ్రాఫర్ కవరు పక్కన పెట్టమన్నాడు, ఆయన పెట్టలేదు. ‘జనజీవన స్రవంతిలోకి స్వాగతం’ అని మైకులో ప్రకటించారు. చప్పట్లు.

“నేనెక్కడికీ పోలేదయ్యా, ఊళ్లోనే ఉన్నాను. నా భూమి సంగతి అడుగుదామని వచ్చాను” అన్నాడాయన.

వేదిక మీద కలకలం. జాబితా తిరగేశారు. ఆ పేరు లేదు. “పెద్దాయనా, ఇది తీవ్రవాదం మీద సదస్సు. భూమి గోల ఇక్కడ కాదు, సోమవారం ప్రజావాణిలో చెప్పుకో” అన్నారు. సోమవారాలన్నీ అయిపోయాయని ఆయన మనవి. శాలువా వెనక్కి తీసుకున్నారు, పాపం అది పన్నెండు గంటల అతిథిది. జ్ఞాపిక మాత్రం ఆయన ఇవ్వలేదు. బహుశా ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితమేమో అనుకుని ఉంటాడు.

నిర్వాహకులను తప్పుపట్టలేం. తుపాకీ దింపినవాడికి తలమీది రివార్డు సొమ్ము ఇస్తారు, కెమెరాలు వస్తాయి. అసలు ఎత్తనివాడికి ఏ పద్దు కింద ఏమివ్వాలి?

1978 సెప్టెంబరులో జగిత్యాలలో వేలమంది కూలీలు కదిలింది వెట్టి వద్దని, దొరలు ఆక్రమించిన బంజర్లు తమకు కావాలని. వాళ్లు అడిగింది ఇవ్వడానికి సర్కారుకు తీరిక లేదు కానీ, మరుసటి నెలలోనే జగిత్యాల, సిరిసిల్లలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించడానికి తీరిక దొరికింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో, భూమి కోసం సభకు వచ్చిన గోండుల మీద కాల్పులు జరిగాయి. సర్కారు లెక్కలో 13 మంది చనిపోయారు, హక్కుల సంఘాల లెక్కలో 60కి పైన. శవాలనే సరిగ్గా లెక్కపెట్టని వాళ్లు ఇప్పుడు వేళ్లు లెక్కపెడుతున్నారు!

అలాగని తుపాకీ పట్టినవాళ్లకు ఇది క్షమాపత్రం కాదు. ఇన్‌ఫార్మర్ అని ముద్ర వేసి, శవం మీద చీటీ పెట్టి వెళ్లారే, వాళ్లలో ఎంతమంది దొరలు? దొరలు ఎప్పుడో గడీలు వదిలి పట్నం చేరారు. చచ్చింది కూలీ, చిన్న రైతు, సెలవు మీద ఇంటికొచ్చిన కానిస్టేబులు. పేదవాణ్ణి పేదవాడి పేరుతోనే చంపడానికి ఏ సిద్ధాంతం కావాలి? 1985లో కాజీపేట రైల్వే స్టేషన్లో నక్సలైట్లు ఒక ఎస్సైని కాల్చారు. మర్నాడు ఆయన శవయాత్ర సాగుతుండగా, పౌరహక్కుల నాయకుడు, పిల్లల డాక్టరు రామనాథంను ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. ఇటు పగకు అటు పగ, మధ్యలో జ్వరమొచ్చిన పిల్లలు. సిగ్గుండాలి ఇద్దరికీ.

ఇక పరిష్కారాలు. అవి పన్నెండుకే మొదలై పన్నెండుంపావుకు ముగిశాయి, బిర్యానీ చల్లారుతోంది మరి. కొత్తగా కనిపెట్టాల్సిన అవసరమూ లేదు. 2004 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వమూ నక్సలైట్లూ చర్చలకు కూర్చున్నప్పుడు భూమే ముఖ్యాంశం. ఆ తర్వాత కోనేరు రంగారావు కమిటీ భూమి గురించే నివేదిక ఇచ్చింది. 2008లో ప్రణాళికా సంఘం నిపుణుల బృందం భూమి, అడవి, నిర్వాసితులు అని విడమరచి రాసింది. ఆ నివేదిక ఇంకా ఉంది, రాయించిన ప్రణాళికా సంఘమే లేదు.

మావోయిస్టులను నిర్మూలించడానికి కేంద్రం 2026 మార్చి 31 అని గడువు పెట్టుకుంది. పోడు పట్టాలు పూర్తిగా ఇవ్వడానికి మాత్రం ఏ గడువూ నిలబడలేదు. అటవీ హక్కుల చట్టంలో ఒక తేదీ మాత్రం ఉంది, 2005 డిసెంబరు 13. అంతకు ముందు నుంచే ఆ నేల తన సాగులో ఉందని దున్నినవాడే రుజువు చూపించాలి.