లాక్‌డౌన్‌లో కొన్నవన్నీ దండగేనా?

పోయిన వారం ఒకే మెసేజ్ నాకు మూడు గ్రూపుల్లో వచ్చింది. మా చిన్నాన్న పెట్టారు, ఆఫీసు వాళ్లు పెట్టారు, మా బిల్డింగ్ గ్రూపులోనూ ఎవరో పెట్టారు. దాని సారాంశం ఇది: లాక్‌డౌన్ పడగానే జనం తోచక ఆన్‌లైన్‌లో కనిపించిందల్లా కొనేశారు. ఇప్పుడు ట్రెడ్‌మిల్ మీద బట్టలు ఆరుతున్నాయి, గ్రైండర్ అటకెక్కింది, కుట్టుమిషన్ మీద దుమ్ము పేరుకుంది, పిల్లలకు కొన్న ఫోన్లు పిల్లల్నే చెడగొట్టాయి, వేలికి పెట్టి ఆక్సిజన్ చూసుకునే ఆక్సీమీటర్ ఏ డ్రాలో ఉందో ఎవరికీ తెలియదు. ఆ రోజుల్లో ఏమీ కొననివాడే తెలివైనవాడు.

దాని కింద అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. హైదరాబాద్ మలక్‌పేటలో మూడు పోర్షన్ల ఇంట్లో ఆ కరోనా రెండేళ్లూ గడిపినదాన్ని. ఆ మెసేజ్‌లో ఒక్కో మాటకూ జవాబు చెప్పాలనిపించింది.

మొదటిది, "లాక్‌డౌన్ పడగానే ఆన్‌లైన్‌లో కొనేశారు" అన్న మాట. ఇది జరిగిన పని కాదు. 2020 మార్చి 25న దేశమంతా మూతపడ్డాక ఆన్‌లైన్ కంపెనీలకు నిత్యావసరాలు తప్ప వేరేవి అమ్మే అనుమతి లేదు. మే 4 నుంచి గ్రీన్, ఆరెంజ్ జోన్లలో మిగతా సరుకులకూ దారి ఇచ్చారు. హైదరాబాద్ కేసులు ఎక్కువున్న రెడ్ జోన్. ఇక్కడ ఆ అవకాశం మే 18 తర్వాతే వచ్చింది. అంటే దాదాపు ఎనిమిది వారాలు ఈ ఊళ్లో ట్రెడ్‌మిల్ కాదు కదా, ఫోన్ ఛార్జర్ పాడైతే కొత్తది తెప్పించుకునే వీలు కూడా లేదు. ఇంటి నుంచి మూడు కిలోమీటర్లు దాటి వెళ్లకూడదని ఆంక్ష. ఏప్రిల్ 20 నుంచి తెలంగాణలో ఫుడ్ డెలివరీ కూడా ఆపేశారు. కాబట్టి తర్వాత జనం కొన్నవాటిలో చాలావరకు ఆ ఎనిమిది వారాల్లో ఏం లేక ఇబ్బంది పడ్డారో అవే. ఈ తేదీలు పక్కన పెడితే ఎవరినైనా పిచ్చివాళ్లుగా చూపించొచ్చు.

రెండోది, "తోచక కొన్నారు" అన్నది. మా ఆయనకు వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చారు. డైనింగ్ టేబుల్ కుర్చీలో రోజుకు పది గంటలు కూర్చుని మే నెల వచ్చేసరికి నడుము పట్టేసి, పక్క మీంచి లేవాలంటే గోడ పట్టుకునేవారు. షాపులు తెరిచాక మేం మొదట కొన్నది కుర్చీ. తర్వాత గ్రైండర్. మా వీధిలో ఇడ్లీ పిండి అమ్మే ఆవిడ మార్చిలోనే ఊరెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. మా ఇంట్లో ఆరుగురం. మిక్సీలో ఆరుగురికి పిండి రుబ్బి చూసినవాళ్లకు గ్రైండర్ ఎందుకు కొన్నామో చెప్పక్కర్లేదు. అది అటకెక్కలేదు, ఇవాళ పొద్దున కూడా తిరిగింది.

ట్రెడ్‌మిల్ సంగతి ఒప్పుకుంటాను. నాకు తెలిసిన మూడిళ్లలో రెండింట్లో అది నిజంగానే బట్టల స్టాండ్ అయింది.

కుట్టుమిషన్ గురించి రాసినవాళ్లు మాత్రం మా కింద పోర్షన్‌కు ఒకసారి రావాలి. ఆ అక్క ఒక లేడీస్ హాస్టల్లో వంట చేసేది. మార్చిలో హాస్టల్ ఖాళీ అయింది, జీతం ఆగిపోయింది. జూన్‌లో చెవి కమ్మలు తాకట్టు పెట్టి 4,500 రూపాయలకు సెకండ్ హ్యాండ్ కాలిమిషన్ కొంది. ఇంటికి తెచ్చిన రోజు అది సరిగ్గా కుట్టలేదు. పైదారం బాగానే పడుతోంది, కింద దారం మాత్రం ముద్దలు కడుతోంది. సూది మార్చాం, నూనె వేశాం, అయినా అంతే. చివరికి బాబిన్ కేసు బయటికి తీసి, దాని పక్కనున్న చిన్న స్క్రూను గోరంత తిప్పింది. దారం పట్టుకుని కేసును గాలిలో వేలాడదీసింది. కేసు మెల్లగా జారితే టెన్షన్ సరిగ్గా ఉన్నట్టట. అది ఎవరు నేర్పారక్కా అని అడిగాను. పదిహేనేళ్ల వయసులో నేర్చుకున్నానని, పెళ్లయ్యాక మళ్లీ ముట్టుకోలేదని చెప్పింది.

అప్పటికే తెలంగాణలో బయట మాస్క్ తప్పనిసరి, లేకపోతే 1,000 రూపాయల జరిమానా. పాత కాటన్ చీరలతో మూడు పొరల మాస్కులు కుట్టి, ముందు మా వీధికి, తర్వాత కిరాణా షాపుల వాళ్లకు ఇచ్చింది. మాస్కుల గిరాకీ తగ్గాక చీరలకు ఫాల్ కుట్టడం, ఆ తర్వాత లైనింగ్ జాకెట్లు మొదలుపెట్టింది. లైనింగ్ బట్ట కోసం కోఠి వెళ్లినప్పుడు ఇప్పటికీ నన్నూ తీసుకెళ్తుంది. హాస్టల్ మళ్లీ తెరిచి పిలిచినా వెళ్లలేదు. ఆ మిషన్‌కు ఇప్పుడు మోటారు బిగించింది. ఆ మెసేజ్‌లో దుమ్ము పేరుకున్న మిషన్ అని చదివినప్పుడు నాకు కోపం వచ్చింది ఈ అక్క కోసమే.

పిల్లల ఫోన్ల విషయంలో ఆ మెసేజ్ సగం నిజం చెప్పింది. కళ్లు పాడయ్యాయి, ఆటల అలవాటు పడింది, మా అబ్బాయి విషయంలో నేనూ చాలా బాధపడ్డాను. కానీ మిగతా సగం చూడాలి. 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో ప్రభుత్వ బడుల పిల్లలకు పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్లలోనే వచ్చాయి. ప్రైవేటు స్కూళ్లవి ఫోన్‌లోనే. ఇంట్లో ఒక్కటే ఫోన్, అది తండ్రితో పనికి వెళ్లిపోతే పాఠం సాయంత్రం దాకా ఆగాల్సిందే. ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ ఒకే సమయంలో క్లాసు. అప్పు చేసి ఫోన్ కొన్న తల్లిదండ్రులకు ఉన్న రెండో దారి చదువు మాన్పించడమే. ఆ రెంటిలో ఏది తప్పో ఆ మెసేజ్ రాసినవాళ్లు చెప్పాలి.

ఇక ఆ మెసేజ్‌లో లేనివి చెప్తాను. నిజంగా దండగైనవి వేరే ఉన్నాయి. అవి భయాన్ని చూసి అమ్మినవి. ముందు వైపు కవాటం (వాల్వ్) ఉన్న ఎన్95 మాస్కులు మేమూ నాలుగు కొన్నాం, ఊపిరి సులువుగా ఆడుతుందని. ఆ కవాటం లోంచి మనం వదిలే గాలి వడపోత లేకుండా బయటికి పోతుంది. అంటే మనకు జబ్బు ఉంటే ఎదుటివాళ్లకు రక్షణ లేదు. వాటిని వాడొద్దని 2020 జులైలో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. మా వీధి చివరి అపార్ట్‌మెంట్ వాళ్లు చందాలు వేసుకుని గేటు దగ్గర పైపులు బిగించి, లోపలికి వచ్చే ప్రతి మనిషి మీదా క్రిమిసంహారక మందు చల్లించారు. పనిమనుషుల మీద, పాలవాళ్ల మీద, ఎవరినీ వదల్లేదు. మనుషుల మీద అలా చల్లితే ఉపయోగం లేదని, కళ్లకు, చర్మానికి హాని అని ఆరోగ్య శాఖ ఏప్రిల్‌లోనే చెప్పింది. ఇమ్యూనిటీ పేరుతో వచ్చిన పొడులు, చుక్కల మందులు, వైరస్‌ను ఆపుతాయంటూ మెడలో వేసుకోమన్న కార్డులు, వేలు పెడితే ఆక్సిజన్ చెప్తామన్న ఫోన్ యాప్‌లు కూడా ఈ కోవలోవే. ఎవరినైనా తప్పుపట్టాలంటే వీటిని అమ్మినవాళ్లను పట్టాలి. ఆ మెసేజ్‌లో వాళ్ల ఊసే లేదు. గ్రైండర్ కొన్నవాడు, కుట్టుమిషన్ కొన్న ఆడమనిషి మాత్రం నవ్వులపాలయ్యారు.

ఆక్సీమీటర్ కూడా అలాంటిదే కదా అని అనేవాళ్లున్నారు. కాదు. అది వేలి లోంచి ఎర్రటి కాంతినీ, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతినీ పంపి, రక్తం ఏది ఎంత పీల్చుకుందో చూసి ఆక్సిజన్ శాతం లెక్కగడుతుంది. దానికి లోపాలు లేవని కాదు. గోళ్ల రంగు ఉన్నా, వేళ్లు చల్లబడినా లెక్క తప్పుతుంది. చామనఛాయ, నలుపు ఉన్నవాళ్లలో ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చని 2021 ఫిబ్రవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అందుకే ఒక్క అంకె కంటే, రోజూ చూసి రాసుకుంటే ఎటు పోతోందన్నదే ముఖ్యం.

మేం దాన్ని 2020 ఆగస్టులో కొన్నాం, 1,400 రూపాయలు పెట్టి. ఎనిమిది నెలలు డ్రాలోనే ఉంది. 2021 మే 12న తెలంగాణలో మళ్లీ లాక్‌డౌన్ పెట్టారు, పొద్దున 6 నుంచి 10 దాకానే సడలింపు. ఆ వారంలోనే మామయ్యకు కరోనా పాజిటివ్ వచ్చింది. ఆయాసం లేదు, పేపర్ చదువుకుంటున్నారు, కాఫీ అడిగారు. కూర్చున్నప్పుడు 96. ఆరు నిమిషాలు నడిపించి చూడమని డాక్టర్ ఫోన్‌లో చెప్తే, హాల్లో గుమ్మం నుంచి బాల్కనీ దాకా అటూ ఇటూ నడిపించాం. అత్తయ్య గడియారం చూస్తూ నిలబడ్డారు. మళ్లీ వేలికి పెడితే 93, కాసేపట్లో 91. ఆయన మాత్రం "నాకేం కాలేదమ్మా" అంటూనే ఉన్నారు. ఈ జబ్బులో ఆక్సిజన్ పడిపోతున్నా చాలామందికి ఆయాసం తెలియదు. ఆ రాత్రి 11 గంటలకు బెడ్ దొరికింది, తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉండి ఇంటికొచ్చారు. అంకె చూడకపోతే పొద్దున్నే చూద్దాంలే అని పడుకునేవాళ్లం.

అప్పుడు అలాంటి ఆక్సీమీటర్ కొందామంటే మెడికల్ షాపుల్లో దొరకలేదు, దొరికినచోట రెట్టింపు పైనే అడిగారు. ఇలాంటి ధరల మీదే 2021 జులైలో కేంద్రం ఆక్సీమీటర్, బీపీ మిషన్, నెబ్యులైజర్, థర్మామీటర్, గ్లూకోమీటర్ల అమ్మకంలో లాభానికి 70 శాతం హద్దు పెట్టింది.

చివరిది, "ఏమీ కొననివాడే తెలివైనవాడు" అన్నది. కొనలేక కొననివాళ్లను ఆ మాట లెక్కలోకే తీసుకోలేదు. 2020 మే 1న వలస కూలీలతో దేశంలో మొదటి ప్రత్యేక రైలు మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది. దాంట్లో ఎక్కినవాళ్ల దగ్గర కొనడానికి ఏముంది? ఇక కొనగలిగీ కొననివాళ్లు ఏం చేశారో నాకు తెలుసు. మామయ్య ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది రోజుల్లో మా ఆక్సీమీటర్ నాలుగు ఇళ్లకు వెళ్లింది. గేటుకు కవరు తగిలించేవాళ్లం, వాళ్లు తీసుకుని, చూసుకుని, స్పిరిట్‌తో తుడిచి మళ్లీ గేటుకే తగిలించేవాళ్లు. అందులో ఒక ఇల్లు, మా బిల్డింగ్ గ్రూపులో ఈ మెసేజ్ పెట్టినవాళ్లదే. ఆ మిషన్ ఇప్పుడు మా హాల్లో టీవీ కింద రెండో డ్రాలో ఉంది, బ్యాటరీలు తీసి పక్కనే పెట్టాను.