నిద్ర పట్టని వారం హార్బరుకు వెళ్లండి

అమెరికా నుంచి సెలవులకు విశాఖలో దిగినవాళ్లకు మొదటి వారమంతా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. ఆ గంటలు ఫోను చూస్తూ గడిపేసి, మధ్యాహ్నం కునుకు తీసి, సాయంత్రం మాల్‌కి, రాత్రి తొమ్మిదింటికి బీచ్ రోడ్డుకి బయల్దేరడం చాలామందికి అలవాటు. ఈ ఊరు చూడడానికి ఇంతకంటే తలకిందుల వరస ఉండదు. విశాఖ పొద్దున్నే లేచే ఊరు. దీని పేటలకు ఒక్కోదానికి ఒక్కో వేళ ఉంది. వేళ తప్పి వెళ్తే ఏ పేటా తన రుచి చూపించదు.

ఐదున్నరకల్లా ఫిషింగ్ హార్బరులో ఉండండి. బోట్ల నుంచి సరుకు దిగుతుంటే పక్కనే వేలం నడుస్తుంటుంది. ఆ పాట వ్యాపారులకు, బుట్టల లెక్కన. ఇంటికి రెండు కిలోలు కావాలంటే చిల్లరగా అమ్మే ఆడవాళ్ల దగ్గరకు వెళ్లాలి. కోనాం చేప కానీ చందువా కానీ, ముందు మొప్ప ఎత్తి చూడండి. లోపల ఎర్రగా ఉండాలి. గోధుమరంగుకు తిరిగితే వదిలేయండి. కన్ను ఉబ్బి తేటగా ఉండాలి, వేలితో నొక్కితే కండ వెంటనే పైకి లేవాలి. బేరం తూకానికి ముందే తేల్చుకోండి. కోయించడానికి డబ్బులు వేరు. తలా, పేగులూ పోగా ముక్కల బరువు బాగా తగ్గుతుంది కాబట్టి భోజనానికి వచ్చేవాళ్ల లెక్క ముక్కలతో వేసుకోవాలి. ఐసు పెట్టె ఇంటినుంచే తెచ్చుకోండి. చేప ఎంతో ఐసూ అంత పడాలి. ఉత్త కవరులో పెట్టి కారు డిక్కీలో పడేస్తే, ఊరి ఎండకు ఇల్లు చేరేలోపే మెత్తబడుతుంది.

వేసవి సెలవులకు వచ్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవల వేట ఆపేస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. అప్పుడు హార్బరు బోసిపోతుంది, బజారులో ధర పెరుగుతుంది, ఐసులో నిలవున్న సరుకే ఎక్కువ కనబడుతుంది. ఇంజను లేని తెప్పలకు ఈ నిషేధం లేదు. పెదజాలరిపేట లాంటి ఒడ్డు పల్లెల్లో పొద్దున్నే అడిగితే కొద్దిపాటి తాజా చేప దొరకొచ్చు.

ఎండ ముదరకముందే పూర్ణా మార్కెట్ చూసేయాలి. సందులు ఇరుకు, కారు వద్దు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర సర్వీసాటో (షేర్ ఆటో) ఎక్కి జగదాంబ జంక్షన్‌లో దిగి నడిస్తే చాలు. అక్కడి దినుసులు, పూజ సామాన్లు చూసినవాళ్లకు మాల్‌లో సీలు చేసిన పొట్లాలు కంటికి ఆనవు. పసుపు, మిరియాలు, తేనె మాత్రం గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనమంటాను. మన్యం పంట అది. అరకు కాఫీ పొడి కొనేటప్పుడు చికోరీ కలిసిందో లేదో, ఏ తేదీన వేయించారో చూడండి. తేనె సీసా చేతిసంచిలో పెడితే విమానాశ్రయంలో తీయించేస్తారు. చికెన్, మటన్ పచ్చళ్లను అమెరికాలోకి రానివ్వరు. వాటి మీద డబ్బు పోయకండి.

పిల్లలకు బొమ్మలంటే ఏటికొప్పాక లక్క బొమ్మలే. అంకుడు కర్రను తరిణి (లేత్) మీద తిప్పుతూ లక్క రంగు పట్టించి, మొగలి ఆకుతో మెరుగు పెడతారు. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. లక్క వేడికి మెత్తబడుతుంది కనుక ఎండలో నిలిపిన కారులో వదిలేయకూడదు. పొడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. పెద్దవాళ్లకైతే పొందూరు ఖద్దరు. ఆ దూదిని వాలుగ చేప దవడతో ఏకుతారు. నూలు నంబరు అడగండి, నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నం. ద్వారకానగర్ చీరల దుకాణాలు ఎవరూ చెప్పకపోయినా మీరే వెళ్తారు.

సాయంత్రానికి సిరిపురం, వీఐపీ రోడ్డు, వాల్తేరు అప్‌లాండ్స్. కాఫీ, ఐస్‌క్రీం, కుర్రకారు కబుర్లు అక్కడే. బీచ్ రోడ్డుకు ఆదివారం మాత్రం కారు తీయకండి. ఆపడానికి చోటు దొరకదు, వెనక్కి తిప్పడానికీ ఉండదు. పాండురంగాపురంలో దిగి నడవండి. చీకటి పడ్డాక నీళ్లలోకి దిగొద్దు. ఆర్కే బీచ్‌లో అల వెనక్కి లాగే లాగుడు బలమైనది, ఈత వచ్చినవాళ్లనీ ఊరుకోదు.

పబ్బులు వెతుక్కుంటూ రాత్రులు పాడుచేసుకోవడం నాకు నచ్చదు. అవి మీరుండే ఊళ్లోనూ ఉన్నాయి. బీచ్ గట్టు మీద మురీ మిక్చర్ బండి అక్కడ లేదు. మురీలు (మరమరాలు), ఉల్లిపాయ, టమాటా, వేరుశనగ గుళ్లు, కొత్తిమీర అన్నీ కలిపాక నిమ్మకాయ చివర్న పిండాలి. ముందే పిండితే మురీలు నానిపోతాయి. కారం ఎంతో కలపకముందే చెప్పండి. పొట్లం చేతిలో పడగానే అక్కడే నిలబడి తినేయండి, ఇంటికి పట్టుకెళ్తే పనికిరాదు.