ఆ మాత్రలు తెచ్చి నా టేబుల్ మీద పెట్టేసింది

ఇంటికొచ్చి రెండు గంటలైంది. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. అన్నం ముందు కూర్చున్నా తినబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం ఓపీ ముగుస్తుండగా ఒకావిడ నేరుగా లోపలికొచ్చి, నేను వారం కిందట రాసిన మాత్రల స్ట్రిప్ నా టేబుల్ మీద పెట్టేసింది. వెనకాల కూతురు తల దించుకుని నిలబడింది. "మేడం, ఇవి పిల్లలు పుట్టకుండా వేసుకునే రకం మాత్రలంట. పెళ్లికాని పిల్లకి ఇవి రాశారేంటని మందుల షాపు అబ్బాయి నలుగురిలో అడిగాడు. సంబంధాలు చూస్తున్నాం, మా పరువేం కావాలి?"

ఆ పిల్లకు 22 ఏళ్లు. 14వ ఏట నుంచి నెలనెలా మూడు రోజులు మంచం మీదే. నొప్పికి వాంతులు. డిగ్రీలో రెండు పేపర్లు డేట్ రోజుల్లో పడి పోయాయి. గ్యాస్ అన్నారు, అపెండిక్స్ అనుమానమని ఒకసారి అడ్మిట్ చేశారు, చివరికి చదువంటే భయం అన్నారు. పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుందని పెద్దమ్మ తేల్చేసింది. నా దగ్గరికి మొదటిసారి వచ్చినప్పుడు తల్లిని కాసేపు బయట కూర్చోమని, ఆ రోజుల్లో మోషన్‌కి వెళ్తే ఎలా ఉంటుందమ్మా అని అడిగాను. కత్తితో కోసినట్టుంటుందంది. ఎనిమిదేళ్లలో ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. ఎమ్మారై తీయిస్తే గర్భసంచి వెనకాల గట్టిపడిన ముద్ద, దానికి అతుక్కున్న పేగు. ఎండోమెట్రియోసిస్.

ఇంత బాధకు నేను రాసిన మందును, కౌంటర్ వెనక నిలబడిన ఒకబ్బాయి ఒక్క మాటతో ఆపించాడు.

అది డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర, 2 మిల్లీగ్రాములు, రోజుకొకటి. గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలమే అండాశయాల మీద, పేగుల మీద, మూత్రాశయం మీద పెరగడం ఈ జబ్బు. నెలనెలా హార్మోన్లకు అదీ ఉబ్బుతుంది, దాంట్లోంచీ రక్తం కారుతుంది. గర్భసంచిలో రక్తానికి బయటికి దారుంది, దీనికి లేదు. ఉన్నచోటే వాపు వస్తుంది, మచ్చ కడుతుంది, అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అండాశయంలో పాత రక్తం చిక్కబడి నిలిచిపోతే దాన్నే చాక్లెట్ సిస్ట్ అంటాం. ఆ మాత్ర ఈ మంటను అణిచిపెడుతుంది. జబ్బును పూర్తిగా తీసేయదు, ఆపేస్తే నొప్పి మళ్లీ రావచ్చు. మొదటి నెలల్లో అక్కడక్కడా బ్లీడింగ్ కనిపిస్తుంది. ఇవన్నీ ఆ పిల్లకు బొమ్మ గీసి మరీ చెప్పాను. ఆపేశాక పిల్లలు పుట్టడానికి ఆ మాత్ర అడ్డం కాదు. అడ్డం పడేది వైద్యం లేకుండా వదిలేసిన ఈ జబ్బే!

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పిల్లలు పుట్టే వయసున్న ఆడవాళ్లలో దాదాపు 10 శాతం మందికి, అంటే సుమారు 19 కోట్ల మందికి ఇది ఉంది. మీ ఇంట్లోనే ఒకరు ఉండొచ్చు. 'అందరికీ ఉండేదేగా, ఓర్చుకో' అని మీరే చెప్పి ఉండొచ్చు.

స్కానింగ్‌లో ఏమీ లేదు కదా అంటారు. పొరల మీద పలచగా అంటుకున్న మచ్చలు స్కానింగ్‌లో కనబడవు. పెళ్లికాని పిల్లలకు లోపలి నుంచి చేసే స్కాన్ మన దగ్గర చేయరు, పొట్ట మీద నుంచే చూస్తారు. దాంట్లో దొరికేది ఇంకా తక్కువ. రిపోర్టులో 'నార్మల్' అని ఉంటే పిల్ల నాటకాలాడుతోందని ఇంట్లో తీర్పు చెప్పేస్తారు. చిన్న మచ్చలున్న పిల్ల నొప్పితో మెలికలు తిరగొచ్చు, పెద్ద సిస్టు ఉన్నావిడకు నొప్పే లేకపోవచ్చు. రిపోర్టు చూసి నొప్పిని కొలవొద్దని ఎన్నిసార్లు నెత్తీ నోరూ కొట్టుకోవాలి? కడుపుకు కన్నం పెట్టి చూస్తే తప్ప తేలదనే రోజులు కూడా పోయాయి. ఆ పరీక్ష అందరికీ అక్కర్లేదని, లక్షణాలను బట్టే మందు మొదలుపెట్టవచ్చని 2022లో యూరప్ నిపుణుల సంఘం తన మార్గదర్శకాల్లోనే రాసింది.

పెళ్లైనవాళ్ల సంగతి ఇంకో రకం నరకం. భర్తతో కలిసినప్పుడు లోపల నొప్పి రావడం దీని ముఖ్య లక్షణాల్లో ఒకటి. పక్కన అత్తగారు కూర్చుని ఉంటే ఏ కోడలు నోరు విప్పుతుంది? అడగాల్సింది మేం. అత్తగారిని ఐదు నిమిషాలు బయటికి పంపాల్సింది మేం. ఓపీలో 60 మంది ఉన్నారని మేమూ అడగడం లేదు.

మా వాళ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఆ షాపు అబ్బాయి కంటే ఎక్కువ కోపం ఎవరి మీదో కూడా చెప్పేస్తాను. నొప్పి అంటే గర్భసంచి తీసేయడం అనే వైద్యం మీద. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. మన ఆడవాళ్లకే గర్భసంచులు బరువయ్యాయా? పోయిన నెల 34 ఏళ్లావిడ వచ్చింది. 'ఉంచితే క్యాన్సర్ అవుతుంది' అని భయపెట్టి 29వ ఏట గర్భసంచితోపాటు రెండు అండాశయాలూ తీసేశారు. పేగు మీదున్న మచ్చల జోలికి ఎవరూ పోలేదు. నొప్పి అలాగే ఉంది. పైగా 29 ఏళ్లకే ముట్లుడిగిన ఒళ్లు, ఒంట్లో ఆవిర్లు, నడుం పట్టేయడం, ఎముకల్లో బలం లేకపోవడం. ఆ ఆపరేషన్‌కు పుస్తెలతాడు తాకట్టు పెట్టారు. దాన్ని ఇప్పటికీ విడిపించుకోలేదు.

ఆమెకు గర్భసంచి తీసినప్పుడు ఊళ్లో ఎవరి పరువూ పోలేదు. ఈ పిల్ల రోజుకో మాత్ర వేసుకుంటే పోతుందట.

ఈ రోజు ఆ తల్లిని కూర్చోబెట్టి ముప్పావు గంట మాట్లాడాను. ఎమ్మారై ఫిల్మ్ లైటు మీద పెట్టి, అతుక్కున్న పేగును వేలితో చూపించాను. ఆవిడ చాలాసేపు దాన్నే చూసింది. "నేనూ దీన్ని తిట్టాను మేడం, పని ఎగ్గొట్టడానికని" అంది. స్ట్రిప్ తీసి సంచిలో పెట్టుకుంది. ఈ నెల డేట్ 13న, సప్లిమెంటరీ పరీక్ష 14న. నొప్పికి అదనంగా ఏం వేసుకోవాలో, ఏ పూట మొదలుపెట్టాలో కాగితం మీద రాసిచ్చాను.

రేపు ఓపీ అయ్యాక ఆ మందుల షాపుకి నేనే వెళ్తున్నాను.